కుక్కా? పిల్లా? చరిత్ర ఇచ్చే సమాధానం



ఇంట పెంచుకోవడానికి కుక్క మంచిదా, పిల్లి మంచిదా? వైద్యవృత్తిలో ఉన్నంతకాలమూ, విరమణ పొందిన తరువాతా నన్ను తరచుగా అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి. పైకి ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న. కుక్కకు విశ్వాసం, పిల్లికి శుభ్రత అని చెప్పి ముగించవచ్చు. కాని ఈ ప్రశ్నను మన పూర్వులు మరొక విధంగా ఎదుర్కొన్నారు. వారికి అది ధాన్యం నిలవడానికీ, ఇల్లు కాపాడుకోవడానికీ, ఒక్కొక్కసారి ప్రాణం దక్కించుకోవడానికీ సంబంధించిన విషయం. కనుక ఈ వ్యాసంలో మొదట చరిత్రను మీ ముందుంచి, ఆపైన వైద్యునిగా నా సమాధానం విన్నవిస్తాను.

నాయుడుపేట వంటి ఊళ్ళను తలచుకొనండి. స్వర్ణముఖి ఒడ్డున వరి పండే నేల. పండిన ధాన్యం గాదెలకూ మిల్లులకూ చేరుతుంది. ధాన్యమున్నచోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్నచోటికి పిల్లి వస్తుంది. పెరడు, కళ్ళం, గొడ్లచావడి ఉన్నచోట కుక్క చేరుతుంది. రెండు తరాల క్రితం వరకు ఈ జంతువులను ఎవరూ కొని తెచ్చుకొన్నవారు కారు. అవి వచ్చేవి, మిగిలిన అన్నం తినేవి, ఉండేవి. ఆ ఇంటివారు వాటిని ‘మా కుక్క’, ‘మా పిల్లి’ అనేవారే గాని, వాటి రోగానికి గాని సంతానానికి గాని బాధ్యులమని తలచేవారు కారు. ఈ ‘మనదే గాని మనది కాని’ స్థితి నుండే మన ఆరోగ్య చరిత్రలోని ఒక పెద్ద విషాదం పుట్టింది.

శిలపై నిలిచిన వేటకుక్క

కుక్క మానవునికి తొలి పెంపుడు జంతువు. జర్మనీలోని బాన్ నగర సమీపంలో సుమారు 14,000 సంవత్సరాల నాటి సమాధిలో మనుషుల అస్థికలతో పాటు కుక్క అస్థికలు లభించాయి. పిల్లి చాలా ఆలస్యంగా, వ్యవసాయం మొదలైన తరువాత, ధాన్యాన్నీ ఎలుకలనూ వెదుకుకొంటూ మన దరి చేరింది. సైప్రస్ ద్వీపంలో మనిషి ప్రక్కన పూడ్చిన పిల్లి అస్థికల వయస్సు సుమారు 9,500 సంవత్సరాలు. ఒకటి వేటలో సహచరిగా, మరొకటి గాదె కావలిగా మన చెంతకు వచ్చాయి. ఈ భేదం నేటికీ వాటి స్వభావాలలో కనిపిస్తుంది.

దక్షిణదేశంలో కుక్క పొందిన గౌరవానికి శాసన సాక్ష్యమున్నది. నాయుడుపేటకు దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, అరక్కోణం సమీపాన తక్కోలం అనే ఊరు ఉన్నది. క్రీ.శ. 949లో అక్కడ రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునికీ చోళులకూ ఘోరయుద్ధం జరిగింది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఆ యుద్ధంలో మరణించాడు. రాష్ట్రకూటుల పక్షాన పోరాడిన గంగరాజు రెండవ బూతుగుని వద్ద మణలేరుడు అనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి సంతోషించి ఏమి కావాలో కోరుకొమ్మంటే, అతడు ఊళ్ళు కోరలేదు, బంగారం కోరలేదు. ‘కాళి’ అనే వేటకుక్కను కోరుకొన్నాడు. ఆ కుక్క తరువాత ఒక పెద్ద అడవిపందితో తలపడి, దానిని చంపి తానూ మరణించింది. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో ఆ కుక్క స్మృతికై శిల నిలిపి, నేలను దానంగా ఇచ్చారు. కుక్కా పందీ పోరాడుతున్న శిల్పంతో ఆ శాసనం నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. ఒక మహాయుద్ధపు సమాచారం మనకు కుక్క స్మారకశిల ద్వారా అందడం చరిత్రలో అరుదైన విషయం.

మన వాఙ్మయంలోనూ కుక్కకు స్థానం చిన్నది కాదు. మహాభారతం ఆదిపర్వంలో సరమ అనే దేవతల కుక్క తన పిల్లను నిష్కారణంగా కొట్టినందుకు జనమేజయుని నిలదీస్తుంది. నన్నయభట్టు తెనిగించిన భారతంలోనూ ఈ కథ ఉన్నది. కావ్యాంతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. కాలభైరవుని వాహనమూ శునకమే. ఇంత గౌరవమున్నా, ‘కుక్క’ అనే మాట తిట్టుగానూ నిలిచింది. గుడిలో భైరవుని ప్రక్కన మ్రొక్కులందుకొనే జంతువు వీధిలో రాళ్ళ దెబ్బలు తిన్నది. మన సమాజం కుక్కను గౌరవించింది, వాడుకొన్నది, దయతలచి అన్నం పెట్టింది. దాని బాధ్యతను మాత్రం స్వీకరించలేదు.

గాదె కావలి, ప్లేగు కాలం

ఇక పిల్లి. శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధ నివారణకై ఇంటింటికీ ఒక పిల్లినీ, దానికి పాలకోసం ఒక ఆవునూ ఇచ్చాడనీ, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మరిగే పాలు పెట్టి పాలంటేనే పారిపోయేటట్లు చేశాడనీ మనకొక కథ ఉన్నది. కథ కల్పితమే కావచ్చు, కాని అందులో లోకజ్ఞానం ఉన్నది. పూర్వులు పిల్లిని ముద్దుకొరకు పెంచలేదు, ఎలుకలకొరకు పెంచారు. పాలతో కడుపు నింపితే పిల్లి పని మానుతుందని కూడా వారికి తెలుసు. వైద్యునిగా ఒక మాట చేరుస్తాను. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర జీర్ణం కాదు, విరేచనాలు అవుతాయి. పిల్లికి కావలసినది నీరు, మాంసకృత్తులు. పాలు కాదు.

పిల్లి విలువ ప్లేగు కాలంలో వైద్యుల చర్చకు వచ్చింది. 1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు తరువాతి దశాబ్దాలలో మన దేశంలో కోటిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. 1898లో అది బెంగుళూరుకు చేరింది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం రోగమున్న ప్రాంతాల నుండి వచ్చే రైలు ప్రయాణికులను స్టేషన్లలో పరీక్షించి, ‘ప్లేగు పాస్‌పోర్టు’ ఇచ్చి, కొన్ని దినాలపాటు ప్రతిదినమూ అధికారులకు కనిపించవలసిందిగా శాసించింది. రోగం ఎలా వ్యాపిస్తున్నదో మాత్రం అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఆ రహస్యాన్ని ఛేదించినవాడు పాల్ లూయీ సీమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు. 1898 జూన్‌లో కరాచీలోని ఒక హోటలులో ఆయన ఒక ప్రయోగం చేశాడు. ప్లేగు సోకిన ఎలుకను పెద్ద గాజు పాత్రలో ఉంచి, దాని చావు దగ్గరపడినప్పుడు అదే పాత్రలో ఒక ఆరోగ్యవంతమైన ఎలుకను చిన్న పంజరంలో పెట్టాడు. రెండింటికీ స్పర్శ లేదు. అయినా కొన్ని దినాలకు రెండవ ఎలుక కూడా ప్లేగుతో చచ్చింది. వాటి మధ్య దూకగలిగిన కీటకం గోమారి ఒక్కటే. ఆ ప్రయోగానికి చాలినన్ని గోమార్లను ఆయన సేకరించినది ఆ హోటలులో తిరుగుతున్న ఒక పిల్లి ఒంటి మీది నుండి!

పదేళ్ళ తరువాత, 1908లో, ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన ఆండ్రూ బుకానన్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పిల్లులను ప్లేగు నివారకులుగా ప్రశంసిస్తూ వ్రాశాడు. పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళు ప్లేగు నుండి తప్పించుకొన్నాయని ఆయన అభిప్రాయం. ఎలుకలు తగ్గితే ప్లేగు తగ్గుతుందన్న తర్కం సరైనదే. కాని పిల్లి ఒంటి మీద కూడా గోమార్లు ఉంటాయి. పిల్లికి కూడా ప్లేగు సోకుతుంది, దాని నుండి మనిషికి సోకిన సందర్భాలు అమెరికా పశ్చిమ ప్రాంతాలలో నమోదయ్యాయి. కనుక కాపాడే జంతువే కొన్ని పరిస్థితులలో రోగాన్ని తేగలదు. ఈ సత్యం పిల్లి విషయంలో మనకు అంతగా గుర్తులేదు. కుక్క విషయంలో మాత్రం మరచిపోవడానికి వీలులేకుండా తెలిసివచ్చింది.

కూనూరు ప్రయాణం

పిచ్చికుక్క కాటు! ఈ మాట వినగానే మన పెద్దల ముఖాలలో కనబడే భయానికి కారణమున్నది. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత రోగి బ్రతకడం దాదాపు అసంభవం. నీటిని చూస్తే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలినా ఉలిక్కిపడడం, తెలివి ఉండగానే యాతన, కొద్ది దినాలలో మరణం. నేటి వైద్యానికీ ఇక్కడ ఓటమే. కాని కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే మనకు ప్రాణభిక్ష ఉన్నదని నిరూపించినవాడు లూయీ పాశ్చర్. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి ఆయన టీకా వేయించాడు. బాలుడు బ్రతికాడు. ఆ జూలై 6నే నేడు జంతువుల నుండి సంక్రమించే వ్యాధుల దినంగా పాటిస్తూ, మన పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు.

పాశ్చర్ టీకా మన దేశానికి వెంటనే రాలేదు. తొలి సంవత్సరాలలో స్థోమత గలవారు ఓడ ఎక్కి పారిస్ వెళ్ళవలసి వచ్చేది. 1900లో హిమాలయ పాదాలలోని కసౌలీలో తొలి పాశ్చర్ సంస్థ వెలసింది. మద్రాసు ప్రెసిడెన్సీ వారికి కసౌలీ కూడా దూరమే. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి పిచ్చికుక్క కాటుకు గురై, దక్షిణదేశంలో చికిత్స లేక మరణించింది. ఆ మరణం కలిగించిన కలత, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన ధనం కలిసి, 1907లో నీలగిరులలోని కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ ఏర్పడడానికి దారితీశాయి.

నాయుడుపేట అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాకు చెందినది. ఇక్కడివారికి కూనూరు ప్రయాణమంటే ఏమిటో ఊహించుకొనండి. 1899 నాటికి మద్రాసు నుండి విజయవాడకు రైలు మార్గం పూర్తయింది. అదే సంవత్సరం మేట్టుపాళయం నుండి కూనూరుకు కొండరైలు మొదలైంది. కాటు పడిన బిడ్డతో తండ్రి మద్రాసు చేరి, అక్కడి నుండి మేట్టుపాళయం, ఆపైన పళ్ళచక్రాల కొండరైలులో కూనూరు చేరవలసి ఉండేది. తెలియని భాష, ఎరుగని చలి, రెండు వారాలకు పైగా బస. నేటికి పొలం పనుల నష్టం, రేపటికి బిడ్డ ప్రాణం. రెండింటినీ తూచుకొని, ఊళ్ళో పసరు మందుతో సరిపెట్టుకొన్న కుటుంబాలు ఎన్నో ఉండి ఉంటాయి. అలా ఆగిపోయినవారి లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు.

ఈ దూరాన్ని తగ్గించినది డేవిడ్ సెంపుల్. ఆయన కసౌలీ సంస్థ తొలి సంచాలకుడు. 1911లో ఆయన జంతువుల మెదడులో పెంచిన వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో నిర్వీర్యం చేసి టీకా రూపొందించాడు. దానిని సీసాలలో నింపి జిల్లా ఆసుపత్రులకు పంపడం సాధ్యమైంది. క్రమేణా రోగి టీకా దగ్గరకు వెళ్ళడం పోయి, టీకా రోగి దగ్గరకు వచ్చింది. మన పెద్దలు నేటికీ చెప్పుకొనే ‘బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు’ ఇవే. అసంఖ్యాకులను ఈ టీకా కాపాడింది. దానికి ఒక లోపమూ ఉండేది. గొఱ్ఱె మెదడు కణజాలం వలన కొన్ని వేలమందిలో ఒకరికి పక్షవాతం వంటి నాడీ ఉపద్రవం కలిగేది. నొప్పికి భయపడి సగంలో మానినవారు ఇంకెందరో.

కణవర్ధనంలో తయారయ్యే ఆధునిక టీకాలు వచ్చిన తరువాత ఈ మెదడు టీకాను మానుకొమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన దేశంలో 2005లో దాని వాడుక ముగిసింది. మరుసటి సంవత్సరం, తక్కువ టీకాతో ఎక్కువమందికి రక్షణనిచ్చే విధంగా, చర్మంలోనికి ఇచ్చే పద్ధతికి అనుమతి లభించింది. నేడు టీకా భుజం మీద వేస్తారు. బొడ్డు దగ్గర ఎవరూ వేయరు. అయినా ఆ పధ్నాలుగు సూదుల భయం జనస్మృతిలో నిలిచి, ఈనాటికీ కొందరిని ఆసుపత్రికి రానీయకుండా చేస్తున్నది. పాతికేళ్ళలోపు వయసు వారికి కూడా ఈ భయం పెద్దల మాటలలో వారసత్వంగా అందుతున్నది.

చంపితే తీరిందా?

రేబీస్‌కు మందు కంటే ముందు మన పాలకులకు తోచిన ఉపాయం కుక్కలను చంపడం. 1832లో బొంబాయిలో ప్రభుత్వం కుక్కకు ఇంత అని ముట్టజెప్పి వీధికుక్కలను చంపించింది. ధనాశకు పెంపుడు కుక్కలనూ పట్టుకొనడంతో పార్సీలు వీధులలోకి వచ్చారు, నగరం స్తంభించింది. మద్రాసు నగరంలో 1860 ప్రాంతంలో మొదలైన కుక్కల వధ 1990వ దశకం వరకు, అంటే నూరేళ్ళకు పైబడి సాగింది. కుక్కలు తగ్గలేదు, రేబీస్ పోలేదు.

కారణం సులభమైనది. వీధిలో చెత్త ఉన్నంతకాలం, మిగిలిన అన్నం విసిరే చేతులున్నంతకాలం, ఒక కుక్క చనిపోతే ఆ స్థలానికి మరొకటి వస్తుంది. కొత్తగా వచ్చినదానికి టీకా ఉండదు. మద్రాసులో వెలసిన బ్లూక్రాస్ సంస్థ చంపడానికి బదులు శస్త్రచికిత్సతో సంతానాన్ని నిరోధించి, టీకా వేసి, తిరిగి అదే చోట విడువమని వాదించింది. నగరపాలక సంస్థ ఆ మార్గాన్ని చేపట్టినది 1996లో. 2001లో కేంద్రప్రభుత్వం ఈ విధానాన్ని నియమావళిగా చేసింది, 2023లో దానిని నవీకరించింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులో కూడా, రేబీస్ సోకినవీ దూకుడు స్వభావం గలవీ తప్ప మిగిలినవాటికి శస్త్రచికిత్స, టీకా జరిపి విడువమన్నది.

ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేస్తే రేబీస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గోవా దీనికి నిదర్శనం. పెద్ద ఎత్తున కుక్కలకు టీకాలు వేసి, 2021లో అది దేశంలో తొలి రేబీస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించబడింది. అదే సంవత్సరం మన ప్రభుత్వం 2030 నాటికి కుక్కల ద్వారా సంక్రమించే రేబీస్‌ను నిర్మూలించాలన్న జాతీయ ప్రణాళికను ప్రకటించింది. మరి నేటి స్థితి? భారత వైద్య పరిశోధన మండలి 2022–23లో 15 రాష్ట్రాలలో జరిపిన సర్వే ప్రకారం, మన దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు సంభవిస్తున్నాయి. వాటిలో నాలుగింట మూడు కుక్కకాట్లు. రేబీస్ మరణాలు ఏటా 5,726 అని వారి అంచనా. టీకా పుట్టి నూట నలభై సంవత్సరాలు గడిచిన తరువాత ఇది!

వైద్యుని తక్కెడలో రెండు జంతువులు

ఈ చరిత్ర చదివిన మీరు, అలాగైతే పిల్లియే మేలు కదా అనవచ్చు. తొందరపడకండి. రేబీస్ పిల్లికీ వస్తుంది. అమెరికాలో కుక్కలకు టీకాలు తప్పనిసరి చేసిన ఫలితంగా కుక్కల రేబీస్ అణగిపోయింది. 1990వ దశకం నుండి అక్కడ పెంపుడు జంతువులలో రేబీస్ ఎక్కువగా కనిపిస్తున్నది పిల్లులలోనే. అంటే ప్రమాదం జాతిలో లేదు, టీకా లేకపోవడంలో ఉన్నది. మన ఊళ్ళలో కుక్కకు టీకా వేయించేవారు కొందరైనా కనబడతారు, పిల్లికి వేయించేవారు బహు అరుదు. పిల్లి గీరితే ‘ఏముందిలే’ అని కొబ్బరినూనె రాసి ఊరుకొంటారు. ఇది ప్రమాదకరమైన అలక్ష్యం.

ఇతర రోగాల విషయంలోనూ తక్కెడ ఇంచుమించు సమంగానే ఉంటుంది. కుక్క పేగులలో ఒక జాతి బద్దెపురుగు ఉంటుంది. దాని గ్రుడ్లు మన కడుపులోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తులలో నీటితిత్తులు పెరుగుతాయి. గొఱ్ఱెలను కోసినచోట ప్రేవులూ కాలేయమూ కుక్కలకు విసరడం వలన ఇది వ్యాపిస్తుంది. గొఱ్ఱెల పెంపకం విస్తారంగా ఉన్న మన రాయలసీమవారు దీనిని గుర్తుంచుకోవాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు. గర్భిణికి మొదటిసారి అది సోకితే శిశువుకు హాని. కాని గర్భవతి కాగానే పిల్లిని గోతంలో కట్టి ఊరవతల విడువనక్కరలేదు. విసర్జించిన మలం ఒకరోజు గడిచిన తరువాతే సోకే శక్తిని పొందుతుంది గనుక, ఇంట్లో మరొకరు ప్రతిదినమూ మట్టిపెట్టెను శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుండి కూడా ఇది సోకుతుందని మరువకండి. ఉబ్బసమున్న ఇంట పిల్లి చర్మం నుండీ లాలాజలం నుండీ వచ్చే మాంసకృత్తు రోగాన్ని పెంచవచ్చు. అట్టివారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

ఇక ప్రయోజనాలు. కుక్కను పెంచేవారు ఉదయం సాయంత్రం నడవక తప్పదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి నేను వ్రాసే మందులలో నడక మొదటిది గనుక, కుక్క ఒక విధంగా నా సహాయకురాలే. పిల్లికి అంత శ్రమ అక్కరలేదు. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులకు, చిన్న గదులలో నివసించేవారికి అది అనువైనది. వరి పండే ఊళ్ళలో ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ భయమున్నది. అయితే పిల్లి ఉన్నది కదా అని ధాన్యాన్ని తెరచిపెట్టడం, చెత్త పోగుచేయడం తగదు. ఎలుకలను అరికట్టేది ప్రధానంగా మూతలు, పరిశుభ్రత. పిల్లి సహాయం మాత్రమే చేస్తుంది.

కాటు పడితే

చరిత్ర ఎంత చెప్పినా, ఈ భాగమే మీకు ఒకనాడు పనికిరావచ్చు. దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కుక్క గాని పిల్లి గాని కరిచినా, రక్తం వచ్చేటట్లు గీరినా, వెంటనే ధారగా పడే నీటి క్రింద సబ్బుతో పదిహేను నిమిషాలపాటు గాయాన్ని కడగాలి. ఈ ఒక్క పని వైరస్‌ను చాలావరకు తొలగిస్తుంది. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు ఏదీ పెట్టరాదు. పసరు మందుల కొరకు, మంత్రాల కొరకు ఒక్క పూట కూడా వృథా చేయరాదు. అదే దినం ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ టీకా ఉచితం. చర్మంలోనికి ఇచ్చే పద్ధతిలో మొదటి దినం, 3, 7, 28వ దినాలలో టీకాలు ఉంటాయి. చర్మం చీలి రక్తం వచ్చినా, తెరచి ఉన్న గాయాన్ని జంతువు నాకినా, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించుకోవాలి. టీకా శరీరంలో రక్షణ పుట్టించేలోపు కాపాడేది అదే.

కుక్కను గాని పిల్లిని గాని పది దినాలు గమనించమని చెబుతారు. అది టీకా ఆలస్యం చేయడానికి కాదు. టీకా మొదలుపెట్టి గమనించాలి. జంతువు ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల విషయం వైద్యుడు నిర్ణయిస్తాడు. మొరిగే కుక్క కరవదనే సామెతను ఇక్కడ నమ్మకండి. రేబీస్ సోకిన కుక్క మొరగవచ్చు, మొరగకుండా మూలన మగతగా పడి ఉండవచ్చు. పిల్లలు చిన్న గాటును తిట్లకు భయపడి దాస్తారు. చెప్పినందుకు తిట్టబోమని వారికి ముందే ధైర్యమివ్వండి. ఈ రోగం చేతిలో పిల్లల ప్రాణాలు పోవడానికి ఆ మౌనం ఒక ముఖ్యకారణం.

నా సమాధానం

పాఠకులారా! కుక్కా, పిల్లా అన్న ప్రశ్నకు చరిత్ర ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానమిచ్చింది. వేట కాలంలో కుక్క గెలిచింది, గాదెల కాలంలో పిల్లి గెలిచింది. ప్లేగు కాలం పిల్లిని పొగిడింది, రేబీస్ కుక్కను శిక్షించింది. అన్ని కాలాలలోనూ హాని కలిగినది మాత్రం ఒకేచోట నుండి. అన్నం పెట్టినవారుండి, బాధ్యత వహించినవారు లేని జంతువు నుండి.

కనుక జాతిని బట్టి కాక, మీ ఇంటిని బట్టి ఎంచుకొనండి. నడవగలిగి, సమయమూ పెరడూ ఉంటే కుక్క. చోటు తక్కువై, శాంతం కావాలనుకొంటే పిల్లి. ఏది తెచ్చుకొన్నా మూడవ నెలలో రేబీస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువులలో మరల టీకాలు, క్రమం తప్పక పురుగుల మందు, సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిపించండి. టీకా వివరాల చీటీని రేషన్ కార్డుతో పాటు భద్రపరచండి. ఇవి చేయలేమనుకొంటే ఏ జంతువునూ తెచ్చుకోకపోవడమే మేలు. వాకిట అన్నం తినే వీధికుక్కకు కూడా, జూలై 6న పశువైద్యశాల వేసే ఉచిత టీకా వేయించండి.

కూనూరు వరకు పోలేక ఆగిపోయినవారికి దూరం అడ్డు. మనకు ఆ అడ్డు లేదు. టీకా మన ఊరి ఆసుపత్రిలో ఉన్నది. దానిని మన జంతువుకు ముందుగా వేయిస్తే, మన బిడ్డకు వేయించవలసిన అవసరం బహుశా రాదు.